సంకరం తిట్టు కాదు, మన కథ

(అమీర్‌పేట మైత్రీవనం పక్కన ఒక మేడమీది గదిలో ఆదివారం సాయంత్రం జరిగిన సభలో మేము చేసిన ప్రసంగ పాఠం. ఊళ్ళ నుంచి వచ్చిన కార్యకర్తలు, ఇక్కడి హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న పిల్లలు ఈ సభకు వచ్చారు.)



కింద నుంచి మెట్లెక్కి వచ్చేటప్పుడు గోడ చూశారు కదా. కాగితం మీద కాగితం, దాని మీద ఇంకో కాగితం. జావా నేర్పుతామని ఒకటి, టెస్టింగ్ నేర్పుతామని ఒకటి, ఆడపిల్లల హాస్టల్ అని ఒకటి, గది అద్దెకు ఉందని ఒకటి. మన పల్లెల పిల్లలు అప్పు చేసి, ఉన్న అరెకరం కుదువబెట్టి, అమ్మ చెవికమ్మలు తాకట్టు పెట్టి ఇక్కడికొస్తారు. మైత్రీవనం అంటే మనకు ఊరి నుంచి బయటపడే తలుపు.

ఇక్కడ ఊరికీ వాడకీ మధ్య గీత కనబడదు. ఒకే బండి దగ్గర ఇడ్లీ తింటాం. ఒకే గదిలో ఆరుగురం పడుకుంటాం. అయినా వారం తిరక్కముందే మూడు ప్రశ్నలొస్తాయి. మీ ఇంటిపేరేంటి? మీదే ఊరు? మీ నాన్నగారేం చేస్తారు? అడిగేవాడికి మన ఊరితో పని లేదు, మన నాన్నతో పని లేదు. మూడు ప్రశ్నలూ తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తాయి. అది తెలిస్తే గది ఇవ్వాలా వద్దా, కంచం కలపాలా వద్దా, మనసివ్వాలా వద్దా అన్నీ తేలిపోతాయి.

మనలో చాలామందిమి ఇవాళ ఆ ప్రశ్నకు తల దించం. మాదిగోళ్ళం, మాలోళ్ళం అని మొహం మీదే చెబుతాం. అట్లా చెప్పే నోరు మనకు ఉద్యమం ఇచ్చింది. కారంచేడు నెత్తురు, చుండూరు నెత్తురు ఇచ్చింది. కానీ ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేనివాళ్ళు కూడా ఈ గదిలోనే ఉన్నారు. అమ్మది ఒక కులం, నాన్నది ఇంకో కులం. అమ్మమ్మ ఇల్లు గుడిసెలో, నాయనమ్మ ఇల్లు మేడలో. వాళ్ళు జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగుతారు. ఏది చెప్పాలి, ఏది దాచాలి అని ఆ క్షణంలో లెక్క చూసుకుంటారు. ఈ సాయంత్రం మేము మాట్లాడేది ఆ ఒక్క క్షణం గురించి.

మాతో పనిచేసే ఒక అమ్మాయి సంగతి చెబుతాం. ఆమె చెప్పమంటేనే చెబుతున్నాం, పేరు మాత్రం చెప్పం. తల్లి మాదిగ. తండ్రి పై కులం. పెళ్ళి చేసుకున్నాడు, రెండేళ్ళు కాపురం చేశాడు. తమ్ముడికి సంబంధాలు రావడం లేదని ఇంటివాళ్ళు కబురు పెడితే వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. పిల్ల వాడలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. వాడ బోరింగు నీళ్ళు, వాడ పెళ్ళిళ్ళు, వాడ చావులు. బడిలో ఆమెను ఎవరూ పై కులం పిల్ల అని ముందు బెంచీలో కూర్చోబెట్టలేదు. చదువుకుని, ఉద్యోగం పరీక్షకు కుల సర్టిఫికెట్ కావలసి వచ్చి, ఒక ఆఫీసుకు పోయింది. గుమాస్తా తల ఎత్తకుండానే అన్నాడు: "మీ నాన్న కులం కాగితం తీసుకురా."

చూడండి ఈ న్యాయం! ఇరవై ఏళ్ళు ఊరంతా ఆమెను తల్లి కులంతోనే పిలిచింది. తల్లి కులంతోనే తిట్టింది. ఒక్క కాగితం కావలసి వచ్చేసరికి తండ్రి గుర్తొచ్చాడు.

సంకరం ఎవరి మాట?

సంకరజాతి అనే తిట్టు మనందరం విన్నాం. కోపమొస్తే మన నోట కూడా వస్తుంది. ఆ మాట మనది కాదు, మనువుది.

మనుస్మృతి పదో అధ్యాయం ఈ సంకరం లెక్కల పుస్తకం. ఏ వర్ణం మగాడికీ ఏ వర్ణం ఆడదానికీ పుట్టిన బిడ్డను ఏమని పిలవాలో, వాడు ఏ పని చేసి బతకాలో, ఊరికి ఎంత దూరంలో ఉండాలో అందులో రాసి పెట్టారు. పై వర్ణం మగాడు కింది వర్ణం స్త్రీని కలిస్తే దానికి అనులోమం అని పేరు. బిడ్డకు తండ్రి స్థానం రాదు గానీ, మరీ పాతాళానికి తొయ్యరు. కింది వర్ణం మగాడు పై వర్ణం స్త్రీని కలిస్తే ప్రతిలోమం. శూద్రుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టిన బిడ్డను ఏమన్నారో తెలుసా? చండాలుడు. మనుషుల్లోకెల్లా నీచుడు. ఊరి బయట ఉండాలి, పగిలిన కుండలో తినాలి, శవాల మీది బట్టలు కట్టుకోవాలి. అంటే అంటరానితనానికి వాళ్ళు చెప్పుకున్న పుట్టుక కథ ఏమిటి? కలిసి పుట్టడమే! ఇద్దరు మనుషులు ఇష్టపడి కలిసిన నేరానికి, పుట్టిన బిడ్డను వెలివాడకు పంపారు.

ఆ పుస్తకాన్ని బాబాసాహెబ్ 1927 డిసెంబరు 25న మహద్‌లో తగలబెట్టించారు. కాగితం కాలింది. లెక్క కాలలేదు. ఊళ్ళో చూడండి. దొర కొడుకు రాత్రిపూట వాడకొస్తే పంచాయితీ లేదు. వాడ కుర్రాడు దొర బిడ్డను పట్టపగలు రిజిస్టరు పెళ్ళి చేసుకుంటే కత్తి లేస్తుంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆస్పత్రి గుమ్మంలో, గర్భిణి అయిన భార్య కళ్ళముందే నరికించారు. 2022 మే నెలలో ఇదే హైదరాబాద్‌లో, సరూర్‌నగర్ నడిరోడ్డు మీద నాగరాజును చంపారు. ప్రణయ్ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. శిక్షలు పడ్డాయి. పోయినవాడు రాడు.

కాబట్టి ఒకటి బాగా గుర్తు పెట్టుకోవాలి. రక్తాలు కలవడం మీద వాళ్ళకు కోపం లేదు. వేల ఏళ్ళుగా కలుపుతూనే ఉన్నారు. కలయిక మన వైపు నుంచి, మన ఇష్టంతో, పగటి వెలుగులో జరిగితేనే వాళ్ళకు కోపం.

ఇది ఇక్కడి రోగమే అనుకోకండి. అమెరికాలో తెల్లవాళ్ళు నల్లవాళ్ళను బానిసలుగా పెట్టుకున్న రోజుల్లో, 1662లో, వర్జీనియా అనే వలస రాజ్యంలో ఒక చట్టం చేశారు. బిడ్డకు తల్లి స్థితే వస్తుంది అని. వినడానికి తల్లికి గౌరవం ఇచ్చినట్టుంది కదా? అసలు సంగతి వేరు. తెల్ల యజమాని నల్ల బానిస స్త్రీని చెరిచినా, పుట్టిన బిడ్డ బానిసే. తండ్రి ఆస్తి అడగడానికి లేదు సరికదా, తండ్రికే ఆస్తిగా లెక్క. ఫ్రెడరిక్ డగ్లస్ అట్లా పుట్టినవాడే. తల్లి నల్ల బానిస. తండ్రి తెల్లవాడని విన్నాడు తప్ప ఎవరో తేల్చి చెప్పినవాళ్ళు లేరు. ఆయన పారిపోయి స్వేచ్ఛ పొంది, 1845లో తన కథ తానే రాసి అచ్చు వేశాడు. బానిసత్వాన్ని కూల్చిన పుస్తకాల్లో అదొకటి.

అక్కడ బిడ్డకు తల్లి స్థితి. ఇక్కడ ఆఫీసులో బిడ్డకు తండ్రి కులం. రెండు సూత్రాలు తలకిందులుగా ఉన్నాయి గానీ పనొకటే. బరువు మొయ్యమన్నప్పుడు తల్లి బిడ్డవి, వాటా అడిగినప్పుడు తండ్రి బిడ్డవి. బలవంతుడికి ఏది లాభమైతే అదే సూత్రం. అందుకే మన పుట్టుక కథను వాళ్ళ సూత్రానికి వదలకూడదు. మనమే చెప్పుకోవాలి. చెప్పుకున్నవాళ్ళు మన ముందే ఉన్నారు.

బాబాసాహెబ్ ఏం చెప్పారు

1916 మే నెలలో, 25 ఏళ్ళ వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ కులం మీద ఒక వ్యాసం చదివారు. అందులో కీలకం చాలా సూటిది. భారతదేశ జనమంతా ఎన్నో జాతులు కలిసిపోయిన జనమే. ఇంత కలిసిన జనాన్ని మళ్ళీ ముక్కలు చేసి, ఏ ముక్కకా ముక్కలోనే పెళ్ళిళ్ళు జరగాలని కంచె కట్టారు. ఆ కంచే కులం. అంటే కలయిక మొదటిది, కంచె తర్వాత వచ్చింది.

1936లో లాహోర్‌లో జాత్‌పాత్ తోడక్ మండల్ సభకు ఆయన ప్రసంగం రాసుకున్నారు. అందులోని మాటలు మింగుడుపడక వాళ్ళు సభే రద్దు చేశారు. ఆయన దాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేశారు. అదే 'కుల నిర్మూలన'. సహపంక్తి భోజనాలతో కులం పోదు, కులాంతర వివాహమే అసలు మందు అని అందులో చెప్పారు. 1948 ఏప్రిల్‌లో ఆయనే సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన డాక్టర్ శారదా కబీర్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆమే సవితా అంబేడ్కర్.

పెళ్ళిళ్ళ గురించి మనం సభలు పెట్టాం, దండలు మార్పించాం, ఫొటోలు తీయించాం. ఆ పెళ్ళిళ్ళకు పుట్టిన పిల్లల గురించి ఎన్ని సభలు పెట్టాం? పెళ్ళినాడు ఆదర్శం అన్నాం. బిడ్డ పుట్టాక ఆ బిడ్డ ఒంటరిగా ఆ మూడు ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటుంటే మనం పక్కన లేం. ఇది మన తప్పు.

జాషువా కూడా ఇద్దరి బిడ్డే

గుర్రం జాషువాను మనం దళిత కవి అంటాం, నవయుగ కవిచక్రవర్తి అంటాం. ఆయన ఇద్దరి బిడ్డ అనే సంగతి మనలో ఎంతమందికి గుర్తుంది? 1895 సెప్టెంబరు 28న వినుకొండ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమ్మ మాదిగ. ఇల్లు క్రైస్తవం. తండ్రి కులం ఆయన్ని కాపాడిందా? లేదు. బడిలో, సభలో, పండితుల మధ్య ఆయన అంటరానివాడే. కవిత్వం చదువుదామని సభలోకి పోతే, వీణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారని గొడవ చేశారు. పోనీ సొంత మతం దగ్గరకు తీసిందా? హిందూ కథల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు ఆ కుటుంబాన్ని వెలేశారు. అటూ కాదు, ఇటూ కాదు. రెండు తలుపులూ మూశారు.

ఆయన బతుకుతెరువు కూడా ఎన్నో వైపులా తిరిగింది. మాటలు లేని సినిమాల కాలంలో రాజమండ్రిలో తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివి వినిపించాడు. తెర మీద బొమ్మకు నోరు లేదు, ఆ నోరు జాషువా. తర్వాత పంతులు పని చేశాడు, తెలుగు పండితుడయ్యాడు, మద్రాసు రేడియోలో పనిచేశాడు.

నోరు లేనివాళ్ళకు నోరవడమే ఆయన జీవితమంతా చేసిన పని. 1941 నాటి 'గబ్బిలం' సంగతి చూడండి. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపాడు. జాషువా దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆయన నాయకుడు అరుంధతీ సుతుడు, అంటరానివాడు. గుడిలోకి పోలేడు. తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుతాడు. గబ్బిలానికి గుడిలో అడ్డు లేదు కదా! మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉందని చెప్పడంలోనే ఉంది దెబ్బంతా. ఇంకోటి కూడా గమనించండి. గబ్బిలం పక్షా, జంతువా? చిన్న పిల్లాడు కూడా అడిగే ప్రశ్న ఇది. రెక్కలున్నాయి, పాలిచ్చి పెంచుతుంది. ఏ లెక్కలోనూ ఇమడదు. రెండు వైపులా వెలేసిన మనిషి అలాంటి జీవిని దూతగా పంపడంలో మాకు ఒక అర్థం కనబడుతుంది. ఆయన అదే అనుకుని రాశాడని మేము అనం, మేము అట్లా చదువుకుంటాం.

జాషువా వాళ్ళ ఛందస్సే తీసుకున్నాడు, వాళ్ళ కావ్య పద్ధతే తీసుకున్నాడు, దాంట్లో మన గోడు పోశాడు. కలిసి పుట్టిన మనిషి చేతిలో కళ కూడా అట్లా కలిసింది. ఒకప్పుడు సభలోకి రానివ్వని లోకంలోనే చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. చివరికి తాను ఏ ఒక్క గీతకూ చెందనని, విశ్వనరుడినని చెప్పుకున్నాడు. జాగ్రత్తగా వినండి. అంటరానితనం గురించి పేరు పెట్టి మాట్లాడిన తర్వాతే ఆయన ఆ మాట అన్నాడు. దాన్ని దాచి అనలేదు.

ఎల్లమ్మ తల ఎవరిది, ఒళ్ళెవరిది?

ఇక మన వాడ కథల్లోకి వద్దాం. ఊరూరా ఎల్లమ్మ ఉంది. కొన్ని చోట్ల కథ ఇట్లా చెబుతారు. తండ్రి చెప్పాడని పరశురాముడు తల్లి రేణుక తల నరకడానికి వెంటపడతాడు. ఆమె పరుగెత్తి వాడలోకి వచ్చి ఒక మాదిగ స్త్రీని కౌగిలించుకుంటుంది. ఆయన గొడ్డలి ఇద్దరి తలలూ తెగ్గొడుతుంది. తర్వాత తల్లిని బతికించమని వరమడిగి, తలలు అతికించేటప్పుడు తారుమారు చేస్తాడు. ఒకామె తల ఇంకొకామె ఒంటికి, ఆమె తల ఈమె ఒంటికి. ఇద్దరూ లేచి కూర్చుంటారు. ఇద్దరూ దేవతలవుతారు.

అన్నలారా, ఊరు ఏటేటా బోనం ఎత్తుకుని పోయి మొక్కే దేవతే కలిసిన దేవత! ఆ ఒంటిలో వాడ ఉంది, ఊరు ఉంది. ఆమెకు పూనకంతో మొక్కినవాళ్ళే పొద్దున లేచి సంకరమని మన పిల్లల్ని తిడతారు. ఈ ఎల్లమ్మ కథను, జాంబపురాణాన్ని చిందువాళ్ళు, డక్కలివాళ్ళు మన వాడల్లో చెప్పుకుంటూ వచ్చారు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా ఆడవేషం, మగవేషం రెండూ కట్టి యక్షగానం ఆడింది. బళ్ళో చెప్పని చరిత్రను రంగు పూసుకుని చెప్పింది.

ఈ ఎల్లమ్మ పేరు మీదే ఇంకో ఘోరం కూడా జరిగింది, అది దాచి పెట్టి ఎల్లమ్మను పొగడలేం. దేవతకు పెళ్ళి చేశామని మన ఆడపిల్లల్ని జోగినుల్ని చేసి ఊరి మగాళ్ళకు అప్పజెప్పారు. వాళ్ళకు పుట్టిన పిల్లల తండ్రులు ఎవరో ఊరంతటికీ తెలుసు. బడి రిజిస్టరులో తండ్రి పేరు దగ్గర ఖాళీ. 1988లో రాష్ట్రం ఈ దురాచారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. నిజామాబాద్ ఊళ్ళలో తిరిగి జోగినుల కోసం పనిచేసిన మనిషి హేమలతా లవణం. ఆమె ఎవరనుకున్నారు? జాషువా బిడ్డ. నాస్తికుడు గోరా కొడుకు లవణాన్ని కులం చూడకుండా పెళ్ళాడింది. తండ్రి పద్యంలో చెప్పినదాన్ని బిడ్డ పనిలో చెప్పింది.

ఆ ఖాళీ గడిలో సిగ్గు ఎవరిది? బిడ్డదా? తల్లిదా? ఆ గడిలో తన పేరు రాయడానికి దమ్ము లేని మగాడిది. ఇది జోగిని బిడ్డలు సభలో నిలబడి చెప్పిన రోజున ఊరి పెద్దమనుషులు తలలు దించుకుంటారు. అందుకే ఈ కథలు బయటికి రానివ్వరు.

ఏసీ గార్డ్స్‌లో మర్ఫా

ఇంతసేపు కులాల కలయిక చెప్పాం. ఖండాల కలయిక చూడాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు. ఇక్కడి నుంచి పంజాగుట్ట మీదుగా మాసబ్ ట్యాంక్ దాకా పోతే పక్కనే ఏసీ గార్డ్స్ ఉంది. ఏసీ అంటే చల్లటి మిషను అనుకునేరు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికా మూలాల గుర్రపు దళం. వాళ్ళను సిద్దీలంటారు, హబ్షీలంటారు. నిజాం రాజ్యం 1948లో పోయింది, దళమూ పోయింది. మనుషులు ఇక్కడే ఉండిపోయారు. ఇక్కడి వాళ్ళను పెళ్ళాడారు, ఇక్కడి ఉర్దూ మాట్లాడతారు, ఇక్కడి తెలుగు మాట్లాడతారు. ముఖం చూసి ఏ దేశమని అడిగితే, పుట్టింది ఇక్కడే అని నవ్వుతూ చెప్పుకోవలసిన గతి వాళ్ళది.

దక్కన్‌లో వీళ్ళ చరిత్ర చిన్నది కాదు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి అమ్ముడై, అహ్మద్‌నగర్ రాజ్యానికి పెద్ద మంత్రి అయిన మాలిక్ అంబర్ మొగలులను ఏళ్ళ తరబడి ముప్పుతిప్పలు పెట్టాడు. 1626లో చనిపోయాడు. బానిసగా వచ్చినవాడు రాజ్యం నడిపాడని మన పిల్లల పుస్తకాల్లో ఎన్ని పేజీలున్నాయి?

హైదరాబాద్ పెళ్ళి ఊరేగింపుల్లో మర్ఫా వింటారు కదా. వింటే కాలు నిలవదు. ఎమెన్ వైపు నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులు, ఆఫ్రికా మూలాల సిద్దీలు కలిసి ఈ నగరానికి ఇచ్చిన వాయిద్యం అది. తోలు కట్టిన డఫ్, చేతిలో కర్రపుల్లలు, దాంతోపాటు లోహపు కుండ మోత. మన వాడ కుర్రాళ్ళు ఆ దెబ్బ వినగానే ఇది మన డప్పే కదా అంటారు. డప్పు వేరు, డఫ్ వేరు. అయినా ఆ మాటలో నిజం ఉంది. చచ్చిన జంతువు తోలుకు ప్రాణం పోసి మోగించిన చేతుల్ని ఇక్కడా అక్కడా తక్కువగానే చూశారు. పెళ్ళికి వాయిద్యం కావాలి, వాయించినవాడు పంక్తిలో వద్దు. 2007 చట్టంలో సిద్దీలు, హబ్షీలు వెనుకబడిన తరగతుల ఇ-జాబితాలోకి వచ్చారు. కాగితం మీద పేరు వచ్చింది. కథ ఇంకా రావాలి.

మన డప్పు దళాలు, మర్ఫా దళాలు ఒక్క వేదిక మీద కూర్చుని ఒకరి దరువు ఒకరు నేర్చుకోవాలని మా కోరిక. పోటీ వద్దు. నువ్వు ఎక్కడి నుంచి వచ్చావు, నేను ఎక్కడి నుంచి వచ్చాను అని దరువుల్లో చెప్పుకోవడం.

కాగితం సంగతి

పాట పాడితే సర్టిఫికెట్ వస్తుందా అని అడుగుతారు. రాదు. దానికి చట్టం తెలుసుకోవాలి. 2012 జనవరిలో సుప్రీంకోర్టు గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో, రమేశ్‌భాయ్ దభాయ్ నాయికా కేసులో, ఒక తీర్పు ఇచ్చింది. కులాంతర పెళ్ళికి పుట్టిన బిడ్డది తండ్రి కులమే అని ముందుగా అనుకోవచ్చు గానీ, అదే ఆఖరి మాట కాదు. ఎస్సీ, ఎస్టీ తల్లి ఆ బిడ్డను పెంచిందని, ఆ సమాజంలోనే ఆ బిడ్డ అవమానాలు, లోట్లు అనుభవిస్తూ పెరిగిందని, ఆ సమాజం తమ బిడ్డగా చూసిందని రుజువు చేసుకునే హక్కు బిడ్డకు ఉంది. ఈ తీర్పు నకలు ప్రతి సంఘం దగ్గర ఉండాలి.

రుజువు అంటే ఏమిటి? ఎక్కడ పెరిగావు, ఎవరితో తిన్నావు, ఎవరు నిన్ను ఏమని పిలిచారు, ఎవరి చావుకు ఏడ్చావు. అంటే నీ కథే నీ రుజువు! కథ చెప్పడం రానివాడు ఆఫీసులో కూడా ఓడిపోతాడు.

రోహిత్ వేముల మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. తల్లి దళిత స్త్రీ, వడ్డెర ఇంట్లో పెరిగి, వడ్డెర మనిషిని పెళ్ళాడి, విడిపోయి, పిల్లల్ని వాడలో తన కష్టంతో పెంచింది. రోహిత్ పోయాక, అతన్ని ఎవరు అక్కడి దాకా నెట్టారు అనే ప్రశ్నను పక్కన పెట్టి, అతను నిజంగా దళితుడేనా అని ఏళ్ళ తరబడి తవ్వారు. 2024 మే నెలలో పోలీసుల నివేదిక అతను ఎస్సీ కాదంది. జనం మండిపడితే మళ్ళీ దర్యాప్తు చేస్తామన్నారు. బతికుండగా వెలివేసినప్పుడు ఎవరూ నాన్న కులం అడగలేదు. చచ్చాక అడిగారు. కలిసి పుట్టిన బిడ్డ కథ ఆ బిడ్డ చేతిలోంచి జారిపోతే ఏమవుతుందో దీన్ని మించిన పాఠం లేదు.

మరాఠీలో శరణ్‌కుమార్ లింబాళే 1984లో తన కథ రాశాడు. తల్లి మహార్, తండ్రి ఊరి పాటిల్. పుస్తకం పేరు 'అక్కర్మాషీ'. తులానికి 12 మాషాలు. 11 మాషాలే ఉన్నది అక్కర్మాషీ, అంటే తక్కువ తూగిన సరుకు. ఊరు వేసిన తిట్టునే తీసి పుస్తకానికి పేరు పెట్టుకున్నాడు. ఇక ఆ తిట్టుతో ఆయన్ని ఎవరు కొట్టగలరు?

మన ఇంట్లో మాట

ఇంతసేపు మనువును తిట్టాం, దొరను తిట్టాం. మన గుండె మీద చెయ్యి వేసుకుని ఒక మాట చెప్పుకుందాం. మాల ఇంటి పిల్ల మాదిగ ఇంటికి కోడలుగా వస్తే రెండు వాడల్లో ఎంత రభస! డక్కలివాళ్ళు మన పురాణం మోస్తూ తిరిగితే వాళ్ళను మన గడప లోపలికి రానిచ్చామా? మన పిల్లను వాళ్ళింటికి ఇస్తామా? బాబాసాహెబ్ మెట్ల మీద మెట్లున్న అసమానత అన్నది దీన్నే. పై మెట్టును తిడుతూ కింది మెట్టు మీద నిలబడితే మన కాలు కూడా ఒకరి నెత్తి మీదే ఉంటుంది. మాల మాదిగ పిల్లలు, మాదిగ డక్కలి పిల్లలు, దళిత ముస్లిం పిల్లలు, వీళ్ళ కథలు కూడా ఈ వేదిక మీదికి రావాలి.

ఇంకో హెచ్చరిక. కొందరు పెద్దమనుషులు కలిసి పుట్టిన పిల్లల్ని చూసి, చూశారా, కులం పోయింది, ఇక కులం మాట ఎత్తకండి అంటారు. ఆ మాటకు చప్పట్లు కొట్టకండి. కులం పోయిందనే మాట ఎప్పుడూ తల్లి కులాన్ని దాచడానికే పనికొస్తుంది, తండ్రి కులం ఇంటిపేరులో అలాగే మెరుస్తుంటుంది. రెండు పేర్లూ చెప్పుకుని తిరగడం గర్వం. ఒకటి దాచుకుని తిరగడం భయం.

ఇప్పుడు మనం చెయ్యవలసింది

సెప్టెంబరు 28 జాషువా పుట్టినరోజు. ఈసారి దండ వేసి, నాలుగు పద్యాలు చదివి, టీ తాగి వెళ్ళిపోవద్దు. ప్రతి వాడలో ఆ సాయంత్రం ఇద్దరి బిడ్డల సభ పెట్టండి. కలిసిన పెళ్ళిళ్ళ పిల్లలు, జోగినుల పిల్లలు ఇష్టముంటేనే నిలబడి తమ కథ చెప్పాలి. బలవంతం వద్దు, గుచ్చి అడగడం వద్దు, పిల్లల రంగు గురించి, ముక్కు గురించి మాటలు వద్దు. తల్లి వాడ పాట ఒకటి, తండ్రి వైపు పాట తెలిస్తే అదొకటి. అమ్మమ్మ ఏం వండేది, నాయనమ్మ ఏం వండేది. ఎవరు రానిచ్చారు, ఎవరు తలుపు వేశారు. చదువుకున్న పిల్లలు నోట్‌బుక్కులో రాసుకోండి, ఫోన్‌లో రికార్డు చెయ్యండి. తల్లుల అనుమతి లేకుండా బయట పెట్టకండి. డప్పు ఉండాలి. చిందు, డక్కలి కళాకారులను పిలిచి, వాళ్ళకు ముందు కూడు, తర్వాత కూలి ఇచ్చి, పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకోవాలి.

మేము మొదట చెప్పిన అమ్మాయి సంగతితో ముగిస్తాం. పోయిన నెల వాళ్ళ వాడలో మేము చిన్న సభ పెట్టాం. ముప్పై మంది ఉంటారు. ఆమె లేచి, తను పుట్టిన రోజు కథ మొదలుపెట్టింది, అమ్మమ్మ చెప్పగా విన్న కథ. ఆ రోజు పెద్ద వాన, మంత్రసానిని తీసుకురావడానికి బండి దొరకలేదు అని చెబుతోంది. వెనక చీకట్లో కూర్చున్న వాళ్ళమ్మ, కూతురు పుట్టుక గురించి ఇరవై ఏళ్ళుగా ఎవరితోనూ నోరు విప్పని మనిషి, ఉన్నట్టుండి అంది: "వాన కాదే పిల్లా, ఎండ. మండిపోయే ఎండ. మీ నాయిన గొడుగు పట్టుకుని నిలబడ్డడు."

సభంతా నిశ్శబ్దం. ఆ పిల్ల కూడా ఆగిపోయింది. తన తండ్రి ఒకనాడు గొడుగు పట్టి నిలబడ్డాడని ఆమెకు ఆ రోజే తెలిసింది. అతను వెళ్ళిపోయాడన్నదీ నిజమే, గొడుగు పట్టాడన్నదీ నిజమే. తర్వాత ఆ తల్లి ముందుకొచ్చి కూర్చుని మిగతా కథంతా తానే చెప్పింది. రాత్రి పదకొండయింది. ఎవరూ లేవలేదు.

సర్టిఫికెట్ కోసం అర్జీ మళ్ళీ పెట్టాం. ఈసారి దరఖాస్తుతోపాటు తల్లి చెప్పిన కథ, వాడ పెద్దల సంతకాలు, సుప్రీంకోర్టు తీర్పు నకలు జతచేశాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా తిరుగుతాం. ఈలోగా మైత్రీవనంలో ఎవరైనా ఆమెను ఆ మూడు ప్రశ్నలు అడిగితే ఇప్పుడు ఆమె ఆగడం లేదు. కూర్చోండి, చెబుతా, కొంచెం పెద్ద కథ అంటోంది.

మీరూ చెప్పండి. మేము వింటాం.

జై భీమ్!